మీట నొక్కితే... మోటారు లేస్తుంది!

బొటనవేలితో చిన్న నొక్కు. పడవ వెనక వేలాడుతున్న 160 కిలోల మోటారు 'జుయ్'మంటూ నీళ్లలోంచి పైకి లేస్తుంది. మరో నొక్కు... మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. చూసేవాళ్లకు అదో ముచ్చట. నడిపేవాళ్లకు మాత్రం అవసరం. ఒడ్డు దగ్గరపడ్డప్పుడు, అడుగున ఇసుకో రాయో ఉన్నప్పుడు మోటారు లేవకపోతే పంకా విరుగుతుంది, పడవ అదుపు తప్పుతుంది. అంత బరువును లేపే వ్యవస్థ బతుకంతా ఆధారపడేది మాత్రం నాలుగైదు తీగల మీద, వాటి అతుకుల మీద!

ఐస్‌క్రీం కరిగింది... ఆలోచన పుట్టింది

పడవ లోపల కాకుండా బయట, వెనక చెక్కకు బిగించే ఇంజిన్ని అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. ఇంజిను, గేర్లు, పంకా... అన్నీ ఒకే ముక్క. మోటారును కుడిఎడమలకు తిప్పితే పడవా తిరుగుతుంది. విడిగా చుక్కాని అక్కర్లేదు.

ఈ మోటారు పుట్టుక గురించి అమెరికాలో ఓ కథ చెప్పుకుంటారు. 1906 వేసవి. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓ సరస్సు మధ్యనున్న దీవికి కొందరు స్నేహితులు విహారానికి వెళ్లారు. బెస్ అనే అమ్మాయి ఐస్‌క్రీం కావాలంది. ఆమెను ఇష్టపడుతున్న మెకానిక్ ఓలె ఎవిన్‌రూడ్ వెంటనే తెడ్డు అందుకున్నాడు. అవతలి ఒడ్డుకు వెళ్లి కొనుక్కొని వచ్చేసరికి అదంతా కరిగి నీరైంది. తెడ్డు వేసి వేసి చేతులు నొప్పెట్టిన ఆ యువకుడికి 'పడవకు వెనక ఓ ఇంజిను తగిలిస్తే?' అన్న ఆలోచన వచ్చిందట. నార్వేలో 1877లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరిన ఎవిన్‌రూడ్ 1909లో తన మోటారును అమ్మకానికి పెట్టాడు. ఒకటిన్నర హార్స్‌పవర్, 28 కిలోల బరువు. అంతకు ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే మరో అమెరికన్ ఇలాంటి మోటారుకు పేటెంటు పొందినా, జనంలోకి బాగా వెళ్లింది ఎవిన్‌రూడ్ మోటారే. ఐస్‌క్రీం అడిగిన బెస్ ఆయన భార్య అయింది. వ్యాపారమంతా ఆమే చూసుకుంది. ఆ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.

28 కిలోల మోటారును ఎవరైనా చేత్తో ఎత్తగలరు. ఇప్పటి పది హార్స్‌పవర్ మోటార్లు 35-40 కిలోల పైనే ఉంటాయి. ఓ మనిషి పళ్లు బిగబట్టి వెనక్కి లాగితే లేస్తాయి. అదే 115 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ మోటారైతే 160 కిలోలు దాటిపోతుంది. ఊగుతున్న పడవలో నిలబడి దాన్ని చేత్తో లేపడం ఎవరి వల్లా కాదు. అందుకే మోటారును ఎత్తడానికే ఇంకో చిన్న మోటారు పెట్టాల్సి వచ్చింది.

కెరటాల్లో కష్టం

మోటారును ఎత్తాల్సిన అవసరం ఎంతుందో మన తీరంలో ఏ మత్స్యకారుణ్ని అడిగినా చెబుతాడు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చాలా ఊళ్లకు జెట్టీ లేదు. పడవను కెరటాల మీదుగా నేరుగా ఇసుకలోకి ఎక్కించాల్సిందే. నీళ్లు లోతుగా ఉన్నంతసేపూ పంకా తిరుగుతూ ఉండాలి. లేకపోతే కెరటం పడవను అడ్డం తిప్పేస్తుంది. ఇసుక తగిలే క్షణానికి పంకా పైకి వచ్చేయాలి. లేకపోతే పంకా విరుగుతుంది, లేదా మోటారు పాతుకుపోయి వెనక వచ్చే కెరటం పడవలోకి దూకుతుంది. ఈ రెంటికీ మధ్య ఉండేది కొన్ని సెకన్లే.

ఈ చిక్కును తీర్చడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా 'బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్' మొదలైంది. తూర్పు తీరపు ఇసుక మీదికి నేరుగా ఎక్కగలిగే పడవల తయారీ అది చేపట్టిన పనుల్లో ఒకటి. అందుకోసం డీజిల్ ఇంజిను, ఇరుసు, పంకా... మొత్తం ఒకే అమరికగా పైకి లేచే 'బాబ్ డ్రైవ్'ను రూపొందించారు. ఒడ్డు దగ్గరకు రాగానే ఆ అమరికను ఎత్తేస్తే పంకా పడవ అడుగు కంటే పైకి వచ్చేస్తుంది. ఇంజిను పడవ లోపలున్నా బయటున్నా, మన తీరం అడిగేది ఒక్కటే... అది పైకి లేవాలి!

సముద్రంలోనే కాదు, వరదల్లోనూ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు సహాయక బృందాలు వీధుల్లో పడవలు నడపాల్సి వచ్చింది. అలాంటిచోట నీటి కింద ప్రహరీ గోడ ఉందో, డివైడరు ఉందో, మునిగిన మోటారు సైకిల్ ఉందో పైకి తెలియదు.

మన దగ్గర చిన్న పడవలకు వాడే మోటార్లలో చాలావరకు తాడు లాగి స్టార్ట్ చేసేవే, చేత్తో ఎత్తేవే. పర్యాటకుల్ని తిప్పే స్పీడ్‌బోట్ల లాంటి పెద్ద పడవల్లో మాత్రం మీట నొక్కితే లేచే మోటార్లు కనిపిస్తాయి. చేత్తో ఎత్తే మోటారుకు విడిగా బిగించుకునే ఎలక్ట్రిక్ కిట్లు కూడా ఉన్నాయి.

ట్రిమ్ వేరు... టిల్ట్ వేరు

మోటారును పైకి లేపడంలో రెండు దశలున్నాయి. మొదటిది ట్రిమ్. పడవ పరుగెత్తుతుండగానే మోటారు వాలును కొద్దికొద్దిగా మార్చడం. చాలా మోటార్లలో ఇది మొదటి ఇరవై డిగ్రీల దాకా ఉంటుంది. రెండోది టిల్ట్. మోటారును దాదాపు పూర్తిగా నీళ్లలోంచి బయటికి తీసేయడం.

బయల్దేరేటప్పుడు మోటారును పడవ వైపు లోపలికి వాల్చి ఉంచితే వెనక భాగం లేచి, ముక్కు కిందికి దిగుతుంది. పడవ తొందరగా నీటి మీదికి తేలుతుంది. వేగం అందుకున్నాక మోటారును కొంచెం బయటికి వాలిస్తే ముక్కు లేస్తుంది. పడవ అడుగు నీటికి రాసుకోవడం తగ్గి, పెట్రోలు ఆదా అవుతుంది. అలాగని మరీ బయటికి వాల్చేస్తే పడవ కప్పలా గెంతడం మొదలెడుతుంది. పంకా పైనుంచి గాలిని లాక్కొని, నీటిలో పట్టు లేకుండా ఉత్తినే గిరగిరా తిరుగుతుంది. ఇంకా ఎత్తితే అసలు ప్రమాదం... మోటారును చల్లబరిచే నీరు లోపలికి వెళ్లే రంధ్రాలు బయటపడతాయి. నీళ్లు అందని ఇంజిను చూస్తుండగానే వేడెక్కిపోతుంది.

ఇంత పని చేసేది అరచేయంత ఎలక్ట్రిక్ మోటారు, నూనె పంపు, ఒకటి నుంచి మూడు దాకా సిలిండర్లు. మోటారు ఓ వైపు తిరిగితే పంపు నూనెను సిలిండరు కింది గదిలోకి తోస్తుంది, మోటారు లేస్తుంది. రెండోవైపు తిరిగితే పై గదిలోకి తోస్తుంది, దిగుతుంది. పొక్లెయిన్ చేయి లేచేదీ ఇదే సూత్రం మీద.

రెండు తీగలు... అటూ ఇటూ

ఇక్కడే వైరింగ్ కథ మొదలవుతుంది. పిల్లల బొమ్మకారు మోటారు తీసుకోండి. దానికి రెండే తీగలు. సెల్లుకు కలిపితే ఓ వైపు తిరుగుతుంది. సెల్లు తిరగేసి పెడితే వెనక్కి తిరుగుతుంది. పడవ మోటారును ఎత్తే చిన్న మోటారూ అంతే. చాలా కంపెనీలు పైకి లేపే తీగకు నీలం, కిందికి దించే తీగకు ఆకుపచ్చ రంగు వాడతాయి. నీలం తీగకు పాజిటివ్, ఆకుపచ్చకు నెగటివ్ అందితే పైకి. తారుమారైతే కిందికి. కొన్ని పాత రకాల్లో మూడు తీగలుంటాయి, వాటి పద్ధతి వేరు. అందుకే పని మొదలెట్టే ముందు ఆ మోటారుకు కంపెనీ ఇచ్చిన వైరింగ్ బొమ్మ చూసుకోవడం తప్పనిసరి.

మరి నడుస్తున్న పడవలో బ్యాటరీని ఎవరు తిరగేస్తారు? ఆ పని చేసేవి రెండు రిలేలు. రిలే అంటే ఏమిటో రైతులకు వేరే చెప్పక్కర్లేదు. పొలంలో బోరు మోటారు స్టార్టరు డబ్బా మీద పచ్చ మీట నొక్కితే లోపల 'టక్'మంటుంది. వేలు నొక్కింది చిన్న కరెంటును. దాంతో లోపలి కాయిల్ అయస్కాంతమై, పెద్ద కరెంటు వెళ్లే దారిని కలుపుతుంది. పడవలో ఉండేదీ అలాంటి ఏర్పాటే. సైజు మాత్రం అగ్గిపెట్టెంత.

ఒక్కో రిలేకు ఐదు కాళ్లు. రెండు కాళ్లు కాయిల్‌వి. మూడోది మోటారుకు వెళ్లేది. మిగతా రెండింట్లో ఒకటి బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది పాజిటివ్‌కు. మామూలుగా ఉన్నప్పుడు రెండు రిలేలూ మోటారు తీగల్ని నెగటివ్‌కే కలిపి ఉంచుతాయి. 'పైకి' మీట నొక్కగానే ఒక రిలే నీలం తీగను పాజిటివ్‌కు మారుస్తుంది. ఆకుపచ్చ తీగ నెగటివ్ దగ్గరే ఉంది కాబట్టి కరెంటు నీలంలోంచి వెళ్లి ఆకుపచ్చలోంచి తిరిగొస్తుంది. 'కిందికి' నొక్కితే రెండో రిలే అదే పని చేస్తుంది.

ఈ ఏర్పాటులో ఓ అందం ఉంది. మీట వదలగానే రెండు తీగలూ మళ్లీ నెగటివ్‌కు చేరతాయి. రెండు కొసలూ కలిసిపోవడంతో తిరుగుతున్న మోటారుకు బ్రేకు పడినట్టై, వెంటనే ఆగిపోతుంది. పొరపాటున రెండు మీటలూ ఒకేసారి నొక్కినా రెండు తీగలూ పాజిటివ్‌కు చేరతాయి. అప్పుడు మోటారు ఎటూ తిరగదు, ఏదీ కాలదు!

మూడు వోల్టులు ఎక్కడికి పోతాయి?

'ఇంత హడావుడి ఎందుకు? తీగల్ని నేరుగా స్విచ్చికి కలిపేస్తే పోదా?' అనిపించడం సహజం. కానీ బరువెత్తే మోటారు తాగే కరెంటు తక్కువేం కాదు. ఉదాహరణకు 40 ఆంపియర్లు అనుకుందాం. బ్యాటరీ పడవ వెనక ఉంటుంది. స్విచ్చి నడిపేవాడి చేతి దగ్గర. రానూపోనూ పది మీటర్ల తీగ అనుకుంటే, ఇళ్లలో ఏసీకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అంత కరెంటుకు దాదాపు మూడు వోల్టులు దారిలోనే మింగేస్తుంది. పన్నెండు వోల్టుల్లో తొమ్మిదే మోటారుకు చేరతాయి. మోటారు మూలుగుతుంది, తీగ వేడెక్కుతుంది. స్విచ్చి కొనలు మాడిపోతాయి. అదే పది మీటర్లకు 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే పోయేది అర వోల్టు లోపే.

రిలేలను మోటారు పక్కనే పెడితే లావు తీగ వాటికీ బ్యాటరీకీ మధ్య చిన్న దూరానికి సరిపోతుంది. స్విచ్చి దగ్గరకు సన్నటి తీగలు చాలు. ఇంకో సౌలభ్యం... ఒకటికి రెండు స్విచ్చిలు పెట్టుకోవచ్చు. ఒకటి వేగం పెంచే హ్యాండిల్ మీద. రెండోది మోటారు పక్కనే, ఒడ్డున నిలబడి నొక్కడానికి.

ఉప్పు తినే రాగి

లెక్కలన్నీ సరిగ్గా వేసి, తీగలన్నీ సరిగ్గా కలిపినా సముద్రం ఊరుకోదు. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. లగ్గు దగ్గర పొర లేచిన చోట ఒక్క చుక్క చేరితే చాలు. రాగి పోగుల మధ్య సందుల్లోంచి ఆ తడి లోపలికి పాకుతుంది. పైన ప్లాస్టిక్ నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల రాగి పచ్చగా, నల్లగా మారి పొడి రాలుతుంది.

ఈ రోగం మీటరుకు కూడా ఓ పట్టాన దొరకదు. పది పోగుల్లో తొమ్మిది తెగిపోయినా, మిగిలిన ఒక్క పోగు గుండా మీటరు పన్నెండు వోల్టులే చూపిస్తుంది. ఎందుకంటే మీటరు తాగే కరెంటు నామమాత్రం. నలభై ఆంపియర్లు వెళ్లాల్సి వచ్చినప్పుడే ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది. అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు మీట నొక్కి ఉంచి, మోటారు పనిచేస్తుండగా కొలుస్తారు.

పడవలకు తగరం పూత పూసిన రాగి తీగే వాడాలని చెప్పేదీ ఇందుకే. ధర ఎక్కువే. కానీ ప్రతి పోగుకీ పూత ఉంటుంది కాబట్టి తడి అంత తేలిగ్గా కొరకలేదు. లగ్గును పళ్లతోనో, మామూలు కటింగ్ ప్లయరుతోనో నొక్కి వదిలేయకూడదు. దానికి తగిన క్రింపింగ్ ప్లయరుతో బిగించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడిగి వేడి చేయాలి. జిగురు కరిగి కొసను మూసేస్తుంది. వట్టి టేపు చుడితే ఎండకు వదులై, తడిని బయటికి పోనివ్వకుండా దాచుకుంటుంది. వట్టి టంకం మీదే ఆధారపడినా చిక్కే. టంకం పెట్టినచోట తీగ బిరుసెక్కి, ఇంజిను అదురుకు దాని అంచునే తెగుతుంది.

పని వరుస ఇదీ...

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. మళ్లీ కలిపేటప్పుడు అదే చివర. పెట్రోలు ఆవిరి ఉండే చోట ఒక్క నిప్పురవ్వ చాలు. స్విచ్చిలూ రిలేలూ పడవల కోసం తయారైన, నిప్పురవ్వ బయటికి రానివే ఎంచుకోవాలి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలేలకు వెళ్లే లావు తీగకు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండాలి. దూరంగా పెడితే ఆ మధ్యలో తీగ ఎక్కడైనా రాసుకొని షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కాపాడలేదు. స్విచ్చికి వెళ్లే సన్న తీగకు విడిగా చిన్న ఫ్యూజు. ఎన్ని ఆంపియర్లదో కంపెనీ చెప్పిందే వేయాలి. మాటిమాటికీ కొట్టేస్తోందని పెద్దది వేస్తే, ఈసారి కాలేది ఫ్యూజు కాదు... తీగ!

రిలేలను పడవ అడుగున నీళ్లు చేరే చోట కాకుండా ఎత్తుగా, కాళ్లు కిందికి ఉండేలా బిగించాలి. ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరుకు గోడ దగ్గర కిందికి చిన్న వంపు ఇస్తారు కదా... వాన చుక్క అక్కడే జారి పడిపోవడానికి. ఇక్కడా తీగకు ఆ వంపు ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది మరొకటుంది. మోటారు లేస్తుంది, దిగుతుంది, కుడికీ ఎడమకూ తిరుగుతుంది. తీగలు ఆ నాలుగు కదలికలకూ సరిపడా వదులుగా ఉండాలి. మరీ వదులైతే ఇనుప అంచుకు రాసుకుంటాయి. అందుకే కట్టేసే ముందే మోటారును పూర్తిగా ఎత్తి ఓసారి కుడికి, ఓసారి ఎడమకు, మళ్లీ దించి అటూ ఇటూ తిప్పి చూడాలి.

రోగం ఎక్కడో... చెవే చెబుతుంది

మీట నొక్కితే మోటారు లేవలేదు. కంగారు పడేముందు చెవి పెట్టి వినాలి.

'టక్' శబ్దం కూడా రాలేదంటే లోపం సన్న తీగల వైపు. ఫ్యూజు, స్విచ్చి, రిలే కాయిల్ చూడాలి.

'టక్'మంటోంది కానీ మోటారు తిరగడం లేదంటే లావు తీగల వైపు. బ్యాటరీ, లగ్గులు, నెగటివ్ అతుకు, మోటారు బ్రష్షులు చూడాలి.

పైకి లేస్తోంది కానీ దిగడం లేదు, లేదా దిగుతోంది కానీ లేవడం లేదు... రెండు రిలేలూ ఒకే రకమైతే ఒకదాని స్థానంలో మరొకటి మార్చి చూడాలి. లోపం కూడా రెండోవైపుకు మారితే రిలే పోయినట్టే. మారకపోతే తీగో, స్విచ్చో.

'జుయ్'మని తిరుగుతోంది, అయినా మోటారు కదలడం లేదు... అప్పుడు తప్పు కరెంటుది కాదు. నూనె తగ్గి ఉండాలి, లేదా చేత్తో ఎత్తడానికి ఉంచిన రిలీజ్ స్క్రూ వదులై ఉండాలి. ఎత్తి ఉంచిన మోటారు తెల్లారేసరికి కిందికి దిగిపోయి ఉంటే నూనె లోపల ఎక్కడో జారిపోతోందని అర్థం.

ఆ స్క్రూ ఎక్కడుందో పడవ నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. కరెంటు పూర్తిగా పోయినా దాన్ని వదులు చేస్తే మోటారును చేత్తో ఎత్తుకోవచ్చు. అయితే పెద్ద మోటారును ఒక్కరు ఎత్తలేరు. పైగా ఆ స్క్రూ వదిలినప్పుడు మోటారు కింద చేయీ, కాలూ పెట్టకూడదు. అన్ని కిలోలూ ఒక్కసారిగా దిగిపోవచ్చు. ఎత్తిన మోటారు కింద పని చేసేటప్పుడు మీటను, నూనెను నమ్ముకోకుండా మోటారును నిలిపి ఉంచే లాక్ తగిలించాల్సిందే. పిల్లలు ఒడ్డున ఆటగా మీట నొక్కకుండా బ్యాటరీ తీగ తీసేసి ఉంచాలి.

వాడకం అయ్యాక చేయాల్సిన పని మంచినీళ్లతో కడగడం. లగ్గులు, కనెక్టర్లు వారానికోసారి చూసి, పచ్చదనం కనిపించిన చోట ఆ ముక్క కోసేసి, మంచి రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి కొత్త లగ్గు వేయాలి. పై పొట్టు గీకి అదే లగ్గును మళ్లీ బిగిస్తే నాలుగు రోజుల ముచ్చటే. పచ్చగా మారిన రాగి మళ్లీ ఎర్రబడదు.

సరైన లగ్గుకీ, ఏదో ఒకటిలే అని బిగించిన లగ్గుకీ ధరలో తేడా కొద్ది రూపాయలు. పనిలో తేడా పావుగంట. నీడలో, గట్టి నేల మీద, చేతికి పొడి గుడ్డ అందే చోట ఆ పావుగంట దొరుకుతుంది. ఎదురుగా ఇసుక, వెనక కెరటం ఉన్నప్పుడు దొరకదు. అప్పుడు నడిపేవాడి చేతిలో మిగిలేది ఒక్క మీట. అది నొక్కితే 'టక్'మనాలి... అంతే!